ఊరిని ప్రేమిస్తున్నామా? అయితే పెంట గుమ్మం దాకా రండి

మాది బేతమంగళ అని బెంగళూరులో చెబితే చాలామందికి తెలియదు. "కేజీఎఫ్ పక్కన" అంటే మాత్రం వెంటనే కళ్లు పెద్దవి చేస్తారు. 2018లో సినిమా వచ్చినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. "మీ పక్క ఇంకా బంగారం ఉందా?" అని ఒకరు, "అక్కడ నిజంగానే అట్లాంటి మనుషులు ఉండేవాళ్లా?" అని ఇంకొకరు. మన పిల్లల్లో కొందరికి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. ఆ సినిమా పాట పెట్టుకుని, సైనైడ్ గుట్ట మీద నిలబడి ఫోటో దిగి, "నా ఊరు" అని రాసుకుంటారు. మరికొందరు ఊరి పేరే ఎత్తరు. "కోలారు దగ్గర" అని దాటేస్తారు. గొప్ప చెప్పుకోవడం ఒక దారి, సిగ్గుపడటం ఇంకో దారి. ఊరిని ప్రేమించడానికి ఈ రెండూ చాలవని మా అభిప్రాయం.

ఆదివారపు బడిలో చిన్నపిల్లలు బేత్లెహేము, బేతనియ, బేతెస్ద అని వల్లె వేస్తూ, బేతమంగళ కూడా బైబిల్లో ఉందా అని అడుగుతుంటారు. లేదు నాన్నా, లేదు. పాత శాసనాల్లో మన ఊరి పేరు విజయాదిత్యమంగళం. కానీ ఆ పిల్లల ప్రశ్నలో ఒక న్యాయం ఉంది. దేవుడు మన ఊరిని కూడా ఎరుగునా, మన వీధి కూడా ఆయన లెక్కలో ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. ఉందనే నమ్ముతున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

నీళ్లు మావి, బంగారం ఎవరిది?

మా ఊరికి ఉన్నది చెరువు. నంది కొండల వైపు పుట్టిన పాలారు కోలారు జిల్లా దాటి, ఆంధ్రలో కుప్పం పక్కగా కొంత దూరం పోయి, తమిళనాడులో వేలూరు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. పేరుకు పాల ఏరు గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఆ ఏటి మీదనే బేతమంగళ చెరువు. మేం చెరువు అంటాం, కన్నడంవాళ్లు కెరె అంటారు, తమిళంవాళ్లు ఏరి అంటారు. మాటలు మూడు, నీళ్లు మాత్రం ఒకటే.

20వ శతాబ్దం మొదట్లో ఈ నీళ్లను వడకట్టి, పంపులతో కేజీఎఫ్‌కు పంపే ఏర్పాటు చేశారు. అంటే గనుల వాళ్లు తాగిందీ, బంగ్లాల తోటలకు పోసిందీ మా చెరువు నీళ్లే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి గనులు పట్టింది. 1894లో బౌరింగుపేట, అంటే ఇప్పటి బంగారపేట, నుంచి మారికుప్పం దాకా రైలు వేశారు. 1902లో సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు కరెంటు రాకముందే మన గనులకు వచ్చింది. మూడు కిలోమీటర్ల లోతు దాకా భూమిని తవ్వారు. మొత్తం మీద 800 టన్నులకు పైగా బంగారం తీశారు. 1965లో ఆ లోతుల్లోనే శాస్త్రవేత్తలు వాతావరణ న్యూట్రినోలను తొలిసారి పట్టుకున్నారు. ఇవన్నీ నిజమే. పిల్లలకు చెప్పాల్సినవే.

తరవాతి కథ కూడా చెప్పాలి. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది, 1962లో కేంద్రం తీసుకుంది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యింది, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. బంగారం పోయింది, గుట్టలు మిగిలాయి. 13 గుట్టలు, సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి. ఎండాకాలంలో గాలి లేస్తే ఆ దుమ్ము ఎవరి ఇంట్లో పడుతుందో, ఎవరి ఛాతీలో దిగుతుందో లైన్లలో ఉండేవాళ్లను అడగండి. ఒకప్పుడు షిఫ్టు సైరన్‌తో లేచిన పట్టణం ఇప్పుడు తెల్లవారుజామున రైలుకు లేస్తుంది. వేలమంది బెంగళూరు పోయి పని చేసి, రాత్రికి నిద్రకు మాత్రం ఇంటికొస్తారు.

బంగారం తవ్వింది ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పక్కల నుంచి వచ్చిన దళితులు. ఊళ్లో దొరల పొలంలో వెట్టి చేయలేక, అంటరానితనం భరించలేక, కరువుకు తట్టుకోలేక వచ్చినవాళ్లు. 1930లో కంపెనీ వాళ్ల వేలిముద్రలు తీసుకుని దొంగల్లా లెక్కలో పెట్టుకోబోతే, పని ఆపేసి నిలబడ్డారు. మన తాతలు కూలీలు మాత్రమే కాదు, తమ గౌరవం కోసం నిలబడిన మనుషులు. సినిమాలో ఒక్క వీరుడు వచ్చి అందరినీ విడిపిస్తాడు. మన చరిత్రలో అట్లా జరగలేదు. లైను లైనంతా కలిసి నిలబడింది.

పట్టణాన్ని కడిగిన చేతులు

అయితే ఆ కథలోనూ ఒక గది మూసే ఉంటుంది. పట్టణం అన్నాక మరుగుదొడ్లు ఉంటాయి. లక్షమందికి దగ్గరగా జనం ఉన్న పట్టణంలో ఆ లైన్ల మరుగుదొడ్లు చాలా కాలం నీళ్లు లేని పాకీదొడ్లే. వాటిని రోజూ చేతులతో ఎత్తి, డొక్కు బాల్చీల్లో మోసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. వాళ్లలో చాలామంది క్రైస్తవులు. వాళ్లను "తోటి" అని పిలిచేవాళ్లు. అది ఒక పని పేరుగా మొదలై తిట్టుగా మిగిలింది.

అలాంటి ఇంట్లోనే 1966లో కేజీఎఫ్‌లో పుట్టారు బెజవాడ విల్సన్. తల్లిదండ్రులది అదే పని. ఆయన చదువు కోసం ఆంధ్రకు వెళ్లారు, కుప్పంలో ఎస్సీ హాస్టల్లో ఉండి ఉన్నత పాఠశాల చదివారు. తిరిగొచ్చి మన పేటల్లో యువతతో పనిచేయడం మొదలుపెట్టాక, ఇంటి పెద్దలు దాచిపెట్టిన ఆ పనిని దగ్గర నుంచి కళ్లారా చూశారు. కూర్చుని ఏడ్చానని ఆయన చాలాసార్లు చెప్పారు. ఈ పని మానేయండని అడిగితే, మానేస్తే ఏం తినాలని వాళ్లు తిరిగి అడిగారట.

అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక మనిషి దుఃఖంగా మిగిలేది. ఆయన ఉత్తరాలు రాశారు, ఫోటోలు తీయించారు, పై అధికారులను నిలదీశారు. చివరికి ఆ టౌన్‌షిప్‌లో పాకీదొడ్లను నీటి మరుగుదొడ్లుగా మార్చి, ఆ పనివాళ్లను వేరే పనుల్లోకి మార్చాల్సి వచ్చింది. గుర్తుంచుకోండి, కర్ణాటకలో మంత్రి బి. బసవలింగప్ప 1970ల్లోనే మలం తలమీద మోయించడాన్ని నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉండగానే మన ఊళ్లో బాల్చీలు కదిలాయి. 1993లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ దశకంలోనే ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్‌లతో కలిసి విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. మా రాష్ట్రంలో అలాంటి పనే లేదని ప్రభుత్వాలు ప్రమాణ పత్రాలు దాఖలు చేస్తే, వీళ్లు ఊరూరూ తిరిగి ఫోటోలూ పేర్లూ తెచ్చి కోర్టు ముందు పెట్టారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని. 2023 అక్టోబరులో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం ఇచ్చారు.

ఇది మన ఊరి కథ. ఒక తెలుగు క్రైస్తవ ఇంటి కథ. కానీ మన యూత్ మీటింగుల్లో రాఖీ భాయ్ డైలాగులు ఎంతమందికి వచ్చో అడిగి, తరవాత విల్సన్ పేరు ఎంతమంది విన్నారో అడిగి చూడండి. లెక్క మీకే తెలుస్తుంది. గుడిలో వంద ఏళ్ల పండుగ జరిగితే దొరల పేర్లు, మిషనరీల పేర్లు, కట్టించినవాళ్ల పేర్లు రాతిపలక మీద ఉంటాయి. పట్టణాన్ని వంద ఏళ్లు కడిగినవాళ్ల పేర్లు ఏ పలక మీద ఉన్నాయి?

నెహెమ్యా చూపించిన దారి

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనం తొందరగా తిప్పేస్తాం. అన్నీ పేర్లే కదా అని. ఈసారి ఆగి చదవండి. యెరూషలేము గోడను ఎవరెవరు ఎక్కడ కట్టారో అందులో వరుసగా రాసి ఉంది. యాజకులు ఉన్నారు. బంగారపు పనివాళ్లు ఉన్నారు. బంగారపు ఊరివాళ్లం కదా, మనకు ఆ మాట వెంటనే కనబడాలి. సుగంధ ద్రవ్యాలు చేసేవాళ్లు ఉన్నారు, ఒకాయన కూతుళ్లు కూడా ఉన్నారు. కొందరు ఎవరి ఇంటి ఎదుట గోడ వాళ్లే కట్టారు. తెకోవ ఊరి గొప్పవాళ్లు మాత్రం మెడ వంచి పని చేయలేదని కూడా రాసి ఉంది. పని చేయనివాళ్ల సంగతీ దేవుని గ్రంథం దాచలేదు.

అదే వరుసలో 14వ వచనం. ఊరి చెత్తా పెంటా బయటికి పోయే గుమ్మం, పెంట గుమ్మం, దాన్ని ఎవరు కట్టారు? మల్కీయా అనే మనిషి. ఆయన ఎవరు? ఒక ప్రదేశానికి అధిపతి. ఊళ్లో అందరికంటే కింద ఉన్నవాడి మీద ఆ పని పెట్టలేదు. అధికారి వెళ్లి తలుపులు నిలబెట్టి, తాళాలూ గడులూ అమర్చాడు. ఈ ఒక్క వచనాన్ని మన దేశంలో మనసు పెట్టి చదివితే కులం మీద వంద ప్రసంగాలకు సరిపోతుంది.

నెహెమ్యా ఆ ఊళ్లో ఉండలేదన్నది కూడా చూడాలి. ఆయన షూషను కోటలో ఉద్యోగం చేస్తున్నాడు, ఈ రోజుల్లో మన పిల్లలు బెంగళూరు కంపెనీల్లో చేస్తున్నట్టు. ఊరి నుంచి మనుషులు వస్తే, అక్కడ మిగిలినవాళ్లు ఎట్లున్నారని అడిగాడు. జవాబు విని కూర్చుని ఏడ్చాడు. తరవాత సెలవు అడిగి వచ్చి, ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట గోడ చుట్టూ తిరిగి పాడైన చోట్లు తన కళ్లతో చూశాడు. ఆ తిరుగుడులో పెంట గుమ్మం దగ్గరికి కూడా వెళ్లాడు. అడగడం, ఏడవడం, చూడటం, ఆ తరవాతే కట్టడం. ఊరిని ప్రేమించడానికి ఇంతకంటే మంచి వరుస మాకు తెలియదు.

"ఇవన్నీ మనకెందుకు?" అనేవాళ్లకు

"మన పౌరసత్వం పరలోకంలో ఉంది, ఈ లోకపు ఊళ్లతో మనకేం పని?" అని కొందరు పెద్దలు అంటారు. పరలోకపు నిరీక్షణను మేమూ గట్టిగా పట్టుకునే ఉన్నాం. కానీ యిర్మీయా 29వ అధ్యాయం చూడండి. చెరపట్టుకుపోయిన బబులోను లాంటి పట్టణం క్షేమం కోసం కూడా వెదకమని, ప్రార్థించమని దేవుడు చెప్పించాడు. శత్రువు ఊరికే అట్లా ఉంటే, కన్న ఊరి సంగతి వేరే చెప్పాలా? మన ప్రభువు యెరూషలేమును చూసి ఏడ్చాడు. నజరేతు నుంచి మంచిది ఏదైనా రాగలదా అని జనం చులకన చేసిన ఊరి పేరునే జీవితమంతా మోశాడు.

"అదంతా పాత కాలం, ఇప్పుడు కులం ఎక్కడుంది?" అంటారు ఇంకొందరు. 2000 మార్చి 11న అప్పటి మన కోలారు జిల్లాలోని కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇంట్లోనే తగలబెట్టి చంపారు. కింది కోర్టు 2006లో నిందితులను వదిలేసింది, 2014లో హైకోర్టూ అదే తీర్పును నిలబెట్టింది. 2022 సెప్టెంబరులో మాలూరు తాలూకా ఉల్లేరహళ్లిలో దేవర ఊరేగింపు కర్రను ముట్టుకున్నాడని ఒక దళిత పిల్లవాడి ఇంటికి 60,000 రూపాయల జరిమానా వేశారు. ఎంత పాత కాలమో మీరే చెప్పండి.

చర్చి లోపల ఈ గాయానికి ఇంకో పొర ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. అందుకే ఎన్నో ఇళ్లలో బాప్తిస్మంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. పారిశుద్ధ్య పని చేసే అక్క పని దగ్గర దళితురాలే, చర్చిలోనూ ఆమెను అట్లాగే చూసేవాళ్లు ఉంటారు, సర్కారు సాయం అడిగే చోట మాత్రం క్రైస్తవురాలు. ఆమెను రెండు పేర్లతో బతకమన్నది చట్టం. ఆ రెండో పేరు చూసి "విశ్వాసం లేదు" అని తీర్పు తీర్చడానికి ముందు, ఆ చట్టం మీద సంఘం ఎన్నిసార్లు నోరు విప్పిందో లెక్కపెట్టాలి.

బెంగళూరుకు పోయేవాళ్లకు ఒక మాట

ఊళ్లోనే ఉండిపొమ్మని మేం చెప్పడం లేదు. గనులు మూసేశారు, పొలానికి నీళ్లు లేవు, కడుపు నిండాలంటే రైలు ఎక్కాల్సిందే. విల్సన్ కూడా చదువుకు బయటికి పోయినవాడే. కాకపోతే ఒక సంగతి గమనించండి. 2018 నుంచి బెంగళూరు కోరమంగళ, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువుల్లోకి పంపుతున్నారు. మొదలైన కొద్ది వారాలకే నురగ కనబడి హైకోర్టు దాకా పోయింది. భూగర్భ నీళ్లు పెరిగాయని సంతోషించే రైతులూ ఉన్నారు, ఇంకా గట్టిగా శుద్ధి చేయాలని పోరాడేవాళ్లూ ఉన్నారు. మా మాట ఇది: ఒకప్పుడు మన మంచినీళ్లు తాగి గనులు బంగారాన్ని బయటికి పంపాయి. ఇప్పుడు మన పిల్లల చెమట బెంగళూరుకు పోతుంది, బెంగళూరు వాడిన నీళ్లు మన జిల్లాకు వస్తాయి. ఆ నీళ్లు ఎంత శుద్ధి అయ్యాయని అడిగే హక్కు మనకుంది. అది అడగడం కూడా ఊరి మీద ప్రేమే.

ఇక చేయగలిగినవి చెబుతాం. పెద్దవేమీ కావు.

మీ చర్చి, హాస్టలు, బడి, అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు ఎవరు, ఎట్లా శుభ్రం చేస్తున్నారో కనుక్కోండి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని గుంతలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. నాలుగు వందలు తక్కువవుతుందని మనిషిని దించే కమిటీ, ఆ ఆదివారం బల్ల ఎట్లా వడ్డిస్తుంది? మిషన్ లారీని పిలవండి. ఎవరైనా గుంతలో చనిపోతే ఆ కుటుంబానికి 30 లక్షలు రావాలని తెలిసిన ఒక్క యువకుడు ప్రతి సంఘంలో ఉండాలి, ఆ దరఖాస్తు రాసిపెట్టడానికి.

మీ ఊరి పారిశుద్ధ్య కార్మికులను పేరు పెట్టి పిలవండి. వయసుకు తగ్గట్టు అక్కా, అన్నా, పెద్దమ్మా అనండి. వాళ్ల పిల్లల చదువుకు సంఘం సొమ్ములో కొంత పక్కన పెట్టండి, "పాపం" అని కాకుండా బాకీ తీర్చినట్టు.

ఇంట్లో తాతలు, అవ్వలు ఉంటే ఫోను తీసి వాళ్ల మాటలు రికార్డు చేయండి. ఏ లైన్లో ఉన్నారు, ఏ పని చేశారు, ఏ ఊరి నుంచి ఎందుకు వచ్చారు. సిగ్గుపడి దాచుకున్న పని అయితే ఇంకా మెల్లగా, ఇంకా గౌరవంగా అడగండి. సిగ్గు ఆ పని చేసినవాళ్లది కాదు, చేయించినవాళ్లది అని ముందుగానే చెప్పండి. 2024లో "తంగలాన్" సినిమా వచ్చి గనుల వెనక దళితుల కథను తెరమీదకి తెచ్చింది. మంచిదే. కానీ మీ అవ్వ కథ ఏ డైరెక్టరుకూ తెలియదు.

గ్రామసభ జరిగే రోజు కనుక్కుని, నెలకు ఒకసారి ఊరికి వచ్చేవాళ్లు ఆ రోజుకే రండి. చెరువు కట్ట, కాలువ, మరుగుదొడ్డి, గుట్టల దుమ్ము అన్నీ అక్కడ అడగాల్సినవే. తెలుగులో అడగండి, కన్నడంలో రాసివ్వండి, తమిళం మాట్లాడే పక్కింటాయనను వెంట తీసుకుపోండి. మన ఊళ్లో ఏ పనైనా మూడు భాషలు కలిస్తేనే అవుతుంది.

ప్రియ యువతా, ఊరంటే గుట్ట మీద దిగిన ఫోటో కాదు. ఊరంటే మనకు నీళ్లు పంపినవాళ్లు, మన కోసం భూమిలోకి దిగినవాళ్లు, మన మురికిని మోసినవాళ్లు. వాళ్లందరినీ కలుపుకుని "నా ఊరు" అనగలిగితే ఆ మాట ప్రార్థన అవుతుంది. వాళ్లలో ఒక్కరిని వదిలేసినా అది ప్రగల్భమే. దేవుడు మనల్ని గోడ కట్టడానికి పిలుస్తున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఎవరూ నిలబడడానికి ఇష్టపడని గుమ్మం దగ్గర మొదలుపెట్టండి. మల్కీయా అక్కడే మొదలుపెట్టాడు.